ఫోనుకు కుట్టిన చొక్కా

మాయదారి జ్వరం వచ్చి బళ్ళు మూసేశాక అందరికంటే ముందు పని పోయింది డ్రిల్ టీచరుకే. లెక్కల టీచరు లెక్కలు ఫోనులో చెప్పుకుంది. భాష టీచరు పాటలు ఫోనులో పాడుకుంది. బొమ్మల మాస్టారు సైతం కాగితాన్ని ఫోనుకు అడ్డంగా పట్టుకుని ఏనుగు తొండం ఎటు తిప్పాలో చూపించాడు. పరుగుపందెం మాత్రం ఫోనులో ఎలా పెడతారు? అయినా మొదట్లో ఆవిడ ఊరుకోలేదు. "ఎగరండర్రా!" అంది. పిల్లలు ఎగిరారు. కింది అంతస్తుల వాళ్ళు చీపురుకట్టలతో పైకప్పు పొడిచారు. ఒకరింట్లో అల్మారా మీది గాజుగిన్నె దొర్లిపడింది. పెద్ద టీచరుగారికి ఫిర్యాదులు వెళ్ళాయి. డ్రిల్లు ఆగింది.

ఇక ఇంట్లో ఆవిడకి కాళ్ళూ చేతులూ నిలవలేదు. ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. కొట్టు మూతపడటంతో సరంజామా అంతా కిటికీ దగ్గరి బల్ల మీదికి తెచ్చుకుని, ఒంటికంటికి భూతద్దం తగిలించుకుని, అక్కడే కూర్చునేవాడు.

"ఏమోయ్, వంటింట్లో చెంచాలన్నీ ఎత్తు ప్రకారం నిలబెట్టావు. రేపు వాటిచేత గుంజీలు తీయిస్తావా?" అన్నాడొకరోజు.

"మీరూ ఆ వరసలోకి రండి, తీయిస్తాను" అంది గానీ ఆవిడకు లోపల దిగులే. పాతికేళ్ళుగా మైదానం ఆ చివర నుంచి ఈ చివరకి వినిపించిన గొంతు ఇప్పుడు ఉల్లిపాయలవాడిని పిలవడానికి తప్ప పనికిరాకుండా పోయింది.

అలాంటప్పుడు పెద్ద టీచరుగారు ఫోను చేసింది.

"మన పిల్లల్లో కొందరు క్లాసులో కనపడటం లేదండీ. ఫోను చేస్తే ఎత్తరు. ఎత్తితే మాకేం తెలీదంటారు. మీరు ఇంటింటికీ వెళ్ళి, ఇబ్బందేమిటో కనుక్కుని, పిల్లల్ని క్లాసులో కూర్చోబెట్టాలి."

"నేనా? నాకు ఫోను తిప్పడమే సరిగ్గా రాదు. పోయినవారం మా ఆడపడుచుకి చెయ్యబోయి అగ్నిమాపకం వాళ్ళకి చేశాను."

"ఫోను సంగతి మీవారు నేర్పుతారు. మా అందరికీ కాళ్ళు ఇంట్లో ఇరుక్కుపోయాయి. మీ కాళ్ళు నడుస్తాయి, మీ గొంతు మేడ మీదికి వినిపిస్తుంది. ఇంకేం కావాలి?"

ఆ రాత్రికే భర్త దగ్గర పాఠం మొదలైంది. క్లాసులోకి ఎలా వెళ్ళాలి, మన మొహం ఎదుటివాళ్ళకి ఎలా కనపడాలి, మైకు ఎలా మూయాలి, ఎలా తెరవాలి. గడియారంలో ఇసుకరేణువంత చక్రాన్ని విసుక్కోకుండా తిప్పే మనిషి భార్యకి పాఠం చెప్పేసరికి రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగొచ్చాడు. మర్నాటికి ఆవిడ మాస్కు కట్టుకుని వీధిలో పడింది.

వెళ్ళి చూస్తే ఒక్కో ఇంటిది ఒక్కో రామాయణం. ఒకింట్లో అన్నదమ్ములిద్దరు ఒకరి క్లాసులో ఒకరు కూర్చుంటున్నారు. పెద్దవాడికి చిన్న తరగతి తేలిగ్గా ఉందట, చిన్నవాడికి పెద్ద తరగతి గొప్పగా ఉందట. ఇంకో ఇంట్లో తాతగారు మనవడి క్లాసు జరుగుతున్నంతసేపూ ఫోను తన చెవికే ఆనించుకుని, "ఆఁ... ఆఁ... చెప్పండమ్మా" అంటూ కూర్చుంటున్నాడు. పాపం, పాఠమంతా విని మనవడికి సాయంత్రం ఆయనే అప్పజెప్పేవాడు. ఆవిడ ఏ ఇంటి మెట్లూ ఎక్కేది కాదు. వీధిలో నిలబడి కేకేస్తే వాళ్ళు కిటికీలోకి వచ్చేవారు. అక్కణ్ణుంచే ఇది నొక్కండి, అది మూయండి అని చెప్పేది. పని జరిగేది. పిల్లలు తెర మీద మొహాలు చూపించేవారు. ఆవిడకు ఆకలి మళ్ళీ పుట్టింది, నిద్ర మళ్ళీ పట్టింది.

చివరికి ఒక్క పిల్ల మిగిలింది. మూడో తరగతి. బళ్ళో అందరూ పిచ్చుక అని పిలుస్తారు. ఒక్కచోట నిలవదు, నోరు మూయదు. డ్రిల్లు వరసలో చిన్న పిల్ల కాబట్టి అందరికంటే ముందు నిలబడి, వెనక్కి తిరిగి మిగతావాళ్ళకి తానే ఆజ్ఞలు ఇచ్చేది. అలాంటి పిల్ల బడి మూసినప్పటి నుంచీ ఒక్కరోజూ క్లాసులో కనపడలేదని క్లాసు టీచరు చెప్పింది.

"ఇంటివాళ్ళు ఇచ్చిన నంబరుకి ఎన్నోసార్లు చేశాను మేడమ్. మోగుతుంది, ఎవరూ ఎత్తరు" అంది.

పెద్ద టీచరుగారు ఇంకో మాట కలిపింది. "పైవాళ్ళ నుంచి ఉత్తర్వు వచ్చిందండీ. ఈ వారం ఆఖరికల్లా క్లాసులో కనపడని పిల్లలు వచ్చే ఏడు మళ్ళీ అదే తరగతి చదవాలి. నా చేతుల్లో లేదు."

డ్రిల్ టీచరుకి ఆ ఇంటివాళ్ళ మీద కోపం ముంచుకొచ్చింది. ఆ పిల్ల స్నేహితులంతా నాలుగులోకి వెళ్ళి, అది ఒక్కటీ మూడులో మిగిలితే? పిచ్చుక రెక్క విరిచినట్టే. ఆ కోపంలోనే బయలుదేరింది, ఆ కోపంలోనే తప్పు చేసింది.

పిచ్చుక వాళ్ళది కిక్కిరిసిన సందులో రెండో అంతస్తు. కిటికీ పక్కన "లేడీస్ టైలర్" అని చిన్న బోర్డు. తల్లి దర్జీ పని చేస్తుంది. డ్రిల్ టీచరు సందు మధ్యలో నిలబడి, మాస్కు కిందికి లాగకుండానే, మైదానం గొంతు తీసింది.

"పిచ్చుక వాళ్ళమ్మా! మీ పిల్ల ఒక్కరోజైనా క్లాసుకి రాలేదు! చదువు మానిపించేశారా ఏమిటి?"

సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆ పిల్లవాళ్ళ కిటికీలోంచి తల్లి బదులు నానమ్మ తల బయటికి వచ్చింది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది.

"ఎవరమ్మా నువ్వు? మా పిల్ల రోజూ తెల్లారేసరికి తల దువ్వుకుని, బడి బట్టలు వేసుకుని, ఫోను ముందు కూర్చుంటుంది. దాని గొంతు ఈ సందంతా వింటుంది. నీకొక్కదానికే వినపడదా?"

"నిజమేనమ్మోయ్," అని ఎదురింటి కిటికీలోంచి ఒకాయన అందుకున్నాడు. "పొద్దున్నే ఆ పిల్ల ఎక్కాలు వినే నేను గడ్డం గీసుకునేది. ఏడో ఎక్కం దాకా నాకూ వచ్చేసింది."

"అబద్ధాలాడే ఇల్లని నలుగురిలో దండోరా వేస్తావా?" అంది నానమ్మ. కిటికీ రెక్క ధడేలుమంది. ఆ వెంటనే సందులో మిగతా కిటికీల్లోంచి నవ్వులు.

డ్రిల్ టీచరు చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. ఆయన భూతద్దం తీయకుండానే అన్నాడు.

"గడియారం ఆగిందని తెచ్చినవాళ్ళని మొదటే తిట్టకూడదోయ్. ముందు చెవి దగ్గర పెట్టుకుని వినాలి. లోపల ఆడుతూ ఉంటుంది ఒక్కోసారి, ముల్లే కదలదు."

మర్నాడు పొద్దున ఆవిడ కేకలు వేయలేదు. ఆ సందులోనే మూసి ఉన్న చెప్పులకొట్టు అరుగు మీద చప్పుడు చేయకుండా కూర్చుంది. తన ఫోనులో మూడో తరగతి క్లాసు తెరిచి, చిన్నగా వినిపించేలా పెట్టుకుంది. పిల్లల మొహాలు చిన్న చిన్న గళ్ళలో ఒక్కొక్కటే వచ్చాయి. ఆఖరి వరసలో ఒక గడి మాత్రం నల్లగా ఉంది. దాని కింద పిల్ల పేరు లేదు. "లేడీస్ టైలర్" అని ఉంది.

క్లాసు టీచరు అడిగింది. "ఏడార్లు ఎంత? ఎవరు చెప్తారు?"

"నేను చెప్తా టీచర్!" అని పైనుంచి, కిటికీలోంచి వినిపించింది. "ఏడార్లు నలభై రెండు! టీచర్, నలభై రెండు!"

ఫోనులో మాత్రం నిశ్శబ్దం. "ఎవరూ చెప్పరా?" అంది టీచరు. అప్పుడొక అబ్బాయి తల గోక్కుంటూ నలభై రెండు అన్నాడు. "భేష్!" అంది టీచరు.



తర్వాత ప్రశ్నకీ అంతే. పైన ముందుగా జవాబు, ఫోనులో నిశ్శబ్దం, ఇంకెవరికో భేష్. ఒకసారి టీచరు ఆ నల్లగడిని చూసి, "ఆ టైలరుగారు ఎవరండీ, దారితప్పి మా క్లాసులోకి వచ్చినట్టున్నారు. సరే, వినండి, ఫర్వాలేదు" అని నవ్వింది. పిల్లలూ నవ్వారు.

"నేనే టీచర్! నేను!" అని కిటికీలోంచి కేక. ఆ కేక సందంతా తిరిగింది. టీచరు చెవికి తప్ప అందరి చెవులకూ చేరింది.

డ్రిల్ టీచరు తలెత్తి ఆ కిటికీకేసి చూసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదారని వింది గానీ, ఇన్నాళ్ళు రోజూ పొద్దున్నే లేచి, జడ వేసుకుని ఊదిన పిల్లని చూడలేదు. క్లాసు ముగిసేదాకా ఆగి, మొదటిసారి ఒక ఇంటి మెట్లెక్కింది. తలుపుకి దూరంగా నిలబడి, మెల్లగా తట్టింది.

నానమ్మే తీసింది. చూసి మూతి బిగించింది.

"నిన్న నేను తొందరపడ్డానమ్మగారూ. మీ పిల్ల రోజూ క్లాసుకి వస్తోంది. కింద కూర్చుని నా చెవులతో విన్నాను. తప్పు నాది."

"ఆ మాట నిన్నటంత గట్టిగా అను. సందు వినాలి" అంది నానమ్మ.

డ్రిల్ టీచరు మెట్ల కిటికీ దగ్గరికి వెళ్ళి, ఊపిరి పీల్చి, అలాగే అంది. ఎదురింటాయన, "విన్నామమ్మా, విన్నాం!" అని బదులిచ్చాడు. నానమ్మ మూతి కాస్త సడలింది.

అప్పుడు గదిలోకి చూసే వీలు చిక్కింది. చిన్న గది. ఉన్న ఒక్క కిటికీ దగ్గర కుట్టుమిషను, ముక్కలుగా కత్తిరించిన గుడ్డలు, ఒక మూల కొయ్యబొమ్మకి తగిలించిన సగం గౌను. లోపలి గది తలుపు మూసి ఉంది. పిచ్చుక తండ్రి ఆస్పత్రి బట్టలు ఉతికేచోట పనిచేస్తాడు. ఇంట్లో వాళ్ళకి అంటుతుందేమోనని, వచ్చాక ఆ గదిలోనే విడిగా ఉంటున్నాడు. బడికి ఇచ్చిన నంబరు ఆయనదేనట. పనిచేసే చోటికి ఫోను తీసుకువెళ్ళనివ్వరట, అది గేటు దగ్గరి అరలో మోగి మోగి ఊరుకుంటుందట. క్లాసు లింకు భార్య ఫోనుకి పంపాడు గానీ, తెలియని నంబరని తిరిగి చేయలేదట.

కిటికీ పక్కన పీట. పీట ముందు డబ్బాకి ఆనించిన తల్లి ఫోను. ఆ ఫోనుకి ఒక చొక్కా. నీలం గుడ్డతో, అంచుకి కుట్టువేసి, తెర కనపడేలా చదరంగా కత్తిరించి, పైన ఒక చిన్న గుడ్డరేకు మడతపెట్టి, దానికి బొత్తం కూడా పెట్టి కుట్టిన చొక్కా. ఆ రేకు సరిగ్గా కెమెరా మీద పడుతోంది.

"ఇదెవరు కుట్టారు?"

"నేనేనండీ," అంది దర్జీ, మిషను ఆపి. "అత్తయ్య కుట్టమన్నారు."

"అననా మరి?" అంది నానమ్మ. "ఇది ఆడవాళ్ళు బట్టలు కొలిచి చూసుకునే గది. ఇదివరకు లోపలి గదిలో చూసుకునేవాళ్ళు, ఇప్పుడు అక్కడ మా అబ్బాయి ఉన్నాడు. ఈ ఫోనుకి కన్నుంది. ఆ కన్ను అవతల బోలెడుమంది పిల్లలు, వాళ్ళ నాన్నలు, తాతలు. సగం చెయ్యి కుట్టిన గౌనులో నిలబడ్డ మనిషి వాళ్ళందరికీ కనపడితే, రేపు మా గడప ఎవరైనా తొక్కుతారా?"

"మరి మైకు?"

ఈసారి పిచ్చుకే చెప్పింది. పీట మీంచి లేవకుండా, చేతులు కట్టుకుని. "మొదటిరోజు టీచరు, ఎవరింట్లోనో మిషను మోతగా ఉంది, మైకు మూసుకోండి అన్నారు. మూసుకున్నా. మళ్ళీ తెరవమని అనలేదు."

"అడగకపోయావా?"

"అడిగా. వినపడలేదు." కాలి వేలితో నేల గీకుతూ అంది. "టీచరుకి నా మీద కోపం వచ్చిందనుకున్నా. నేనెన్ని చెప్పినా నన్ను భేష్ అనరు."

దర్జీ గబుక్కున తల తిప్పుకుని కత్తెర వెతుక్కుంది. కత్తెర ఆమె ఒళ్ళోనే ఉంది.

వారం ఆఖరి సంగతి డ్రిల్ టీచరు అప్పుడు చెప్పింది. పిల్ల మొహం క్లాసులో కనపడకపోతే మళ్ళీ మూడో తరగతే. నానమ్మ కుర్చీలో కూలబడింది. కానీ గట్టి మనిషి. "కన్ను తెరిస్తే బేరం పోతుంది. మూస్తే చదువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వే చెప్పు, ఏం చేస్తాం?"

మొదట మెట్ల మీద కూర్చోబెట్టి చూశారు. అక్కడ ఫోనుకి సిగ్నలు అందలేదు. వంటింట్లో పెట్టి చూశారు. వెలుతురు లేక పిల్ల మొహమూ గోడా ఒకటే రంగులో ఉన్నాయి. తెర కడదామంటే ఉన్న ఒక్క కిటికీకి అడ్డమవుతుంది, మిషను చీకట్లో పడుతుంది. "కళ్ళు మూసుకుని సూదిలోకి దారం ఎక్కించమంటారా?" అంది దర్జీ. మళ్ళీ పీటే గతి అయింది.

డ్రిల్ టీచరు గుమ్మం బయట నిలబడి ఆ గదిని అటూ ఇటూ చూసింది. చూస్తూ చూస్తూ ఉంటే అది ఆవిడ కంటికి గదిలా కాక, ఆటస్థలంలా కనపడటం మొదలైంది. ఏ ఆటకైనా హద్దులుంటాయి. ఆ కంటికి మాత్రం హద్దు ఉండదా?

"అమ్మాయ్, గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్ద ఉందా నీ దగ్గర?"

దర్జీకి సుద్దకేం కొదవ. డ్రిల్ టీచరు తన ఫోనులోంచి ఆ ఫోనుకి వీడియో కాలు కలిపింది. చొక్కా బొత్తం విప్పించింది. తన తెర మీద గది ముక్క ఒకటి కనపడింది.

"అమ్మగారూ, మీరు గోడ పక్కనుంచి మెల్లగా నడవండి."

నానమ్మ టేపు సర్దుకుని, పెళ్ళికూతురిలా అడుగులో అడుగు వేసింది. "కనపడుతున్నానా?"

"నిండుగా."

"ఇప్పుడో?"

"సగం."

"ఇప్పుడు?"

"ముక్కు మాత్రం."

"ముక్కు మాత్రం ఎందుకు కనపడాలి? మా మామగారికి కూడా సరిగ్గా కనపడనిచ్చేదాన్ని కాదు ఈ ముక్కు!" అని ఇంకో అర అడుగు జరిగింది.

"పోయింది! అక్కడే ఆగండి. పిచ్చుకా, నానమ్మ కాలివేళ్ళ ముందు గీత గీయి!"

ఫోనుని కాస్త గోడవైపు తిప్పారు, గీత ఇంకాస్త ఇవతలికి వచ్చింది. చివరికి గది రెండయింది. గీతకి ఇటు పిచ్చుక, పీట, గోడ. అటు మిషను, కొయ్యబొమ్మ, గౌను తొడుక్కుని చూసుకునేవాళ్ళు. నానమ్మ గీతకి అవతల కుర్చీ వేయించుకుని కూర్చుంది, సరిహద్దులో సిపాయిలా.

"కానీ ఒక్కమాట, టీచరమ్మా" అంది. "ఒక్క మనిషి ఆ గీత దాటి వాళ్ళ కళ్ళబడినా సరే, ఈ కన్ను మళ్ళీ మూతపడుతుంది. తర్వాత నువ్వు కాదు, మీ పెద్ద టీచరు వచ్చినా తెరుచుకోదు."

మైకు సంగతి డ్రిల్ టీచరు పిచ్చుకతో మాట్లాడింది. "జవాబు తెలిస్తే డ్రిల్లులోలాగ కుడిచెయ్యి నిటారుగా ఎత్తు. టీచరు నీ పేరు పిలిచాక మైకు తెరువు."

"మిషను మోత?"

"నువ్వు చెయ్యెత్తినప్పుడు నేను తొక్కుడుపలక మీంచి కాలెత్తుతాలే" అంది తల్లి.

మర్నాడు క్లాసులో పెద్ద టీచరుగారు కూడా కూర్చుంది. అదే ఆఖరిరోజు. డ్రిల్ టీచరు తన ఇంట్లో బల్ల ముందు, భర్త గడియారాలని పక్కకి నెట్టి ఫోను నిలబెట్టుకుంది. నిలబెట్టిన ఫోనునే మళ్ళీ మళ్ళీ సర్దింది. "నువ్వు పరుగుపందెంలో పరిగెత్తినప్పుడు కూడా ఇంత కంగారుపడలేదు" అన్నాడాయన. "అప్పుడు పరిగెత్తింది నేను కదండీ. ఇప్పుడు పరిగెత్తేది అది" అంది.

నల్లగడి వెలిగింది. బిగించి వేసిన రెండు జడలు, ఇస్త్రీ మడత విడని చొక్కా, పీట మీద నిటారుగా పిచ్చుక.

"పిచ్చుకొచ్చింది!" అని గళ్ళన్నీ ఒక్కసారిగా అరిచాయి. క్లాసు టీచరు వాళ్ళని ఆపి, పిల్ల అసలు పేరు పెట్టి పిలిచింది. గీతకి అవతల మిషను ఆగింది. "ఉన్నాను టీచర్!"

"సంగతంతా విన్నానమ్మా. ఇన్నాళ్ళూ ఆ నల్లగడిలో ఉన్నది నువ్వేనా?"

"నేనే టీచర్. రోజూ వచ్చా."

పెద్ద టీచరుగారు గొంతు సవరించుకుంది. "వచ్చావని మాకు తెలిసింది. పాఠాలు ఎంతవరకు వచ్చాయో చూడాలి కదా." క్లాసు టీచరు అడగడం మొదలుపెట్టింది. ఎక్కాలు అడిగింది. నీళ్ళు ఆవిరై మబ్బెలా అవుతాయో అడిగింది. బడి మూసిన కొత్తలో చెప్పిన పాట అడిగింది. ప్రతిసారీ కుడిచెయ్యి నిటారుగా లేచేది, మిషను ఆగేది, జవాబు వచ్చేది. డ్రిల్ టీచరు పెదవులు కూడా పిల్లతోబాటే కదులుతున్నాయి.

పాట సగంలో ఉండగా గడి కుడి అంచున ఏదో కదిలింది. మొదట ఒక మోచెయ్యి. తర్వాత ఒక బొద్దు భుజం, దానికి చెయ్యి ఇంకా అతకని గౌను. కుట్టించుకోవడానికి వచ్చిన ఎవరో ఆవిడ, అద్దంలో వెనకభాగం చూసుకుంటూ వెనక్కి, వెనక్కి వస్తోంది. నానమ్మ వంగి గుండుసూది ఏరుకుంటోందేమో, కుర్చీ ఖాళీగా ఉన్నట్టుంది. ఇంకొక్క అడుగు వేస్తే ఆవిడ మొత్తంగా మూడో తరగతి ముందు నిలబడుతుంది.

డ్రిల్ టీచరు ఎప్పుడు మైకు తెరిచిందో ఆవిడకే తెలీదు.

"గీత దాటొద్దు! వెనక్కీ... తిరుగు!"

బల్ల మీద గడియారాలు గలగలమన్నాయి. అన్ని ఇళ్ళలో పిల్లలూ లేచి వెనక్కి తిరిగారు. అన్నిటికంటే చిత్రం, ఆ బొద్దు భుజం ఠక్కున బిగుసుకుంది, రెండు చేతులూ పక్కలకి అంటుకున్నాయి, మడమ మీద గిరుక్కున తిరిగి, కవాతు చేసినట్టు రెండడుగులు వేసి తెర మీంచి మాయమైంది. అవతల్నుంచి గొంతు మాత్రం వచ్చింది.

"అమ్మో! మా డ్రిల్ టీచరు! నేను ఈ బడిలోనే చదివానండీ! ఇన్నేళ్ళైనా ఆ గొంతు వింటే కాళ్ళు వాటంతటవే తిరిగాయి!"

నవ్వులు తెర అంతా పరుచుకున్నాయి. పెద్ద టీచరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. డ్రిల్ టీచరుకి మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే పిచ్చుక గడిలోకి ఇప్పుడు ఒక ముడతలు పడ్డ చెయ్యి వచ్చింది. వెనకే నానమ్మ మొహం, తెర నిండా. చెయ్యి ఫోను చొక్కా రేకు మీద ఉంది. మాటంటే మాటే. ఒక మనిషి గీత దాటింది.

పిచ్చుక ఏడవలేదు. నానమ్మ చేతిని ఆపలేదు. ఆగిపోయిన పాటని, ఆగినచోటు నుంచి, కన్ను మూతపడేలోపు ముగించాలన్నట్టు గబగబా పాడేసింది. చివరి మాట పలికి, చేతులు కట్టుకుని తెరకేసి చూసింది.

"భేష్!" అంది క్లాసు టీచరు. "భేషమ్మా, పిచ్చుకా!"

ఆ ఒక్కమాటకి పిల్ల మొహం ఎలా అయిందో డ్రిల్ టీచరు తన తెర మీద చూసింది. నానమ్మ ఇంకా దగ్గర్నుంచి చూసింది. రేకు మీది చెయ్యి అక్కడే నిలిచిపోయింది.

"టీచరమ్మా," అంది నానమ్మ ఫోనులోకి వంగి, ముక్కు మరీ దగ్గరగా పెట్టి. "పిల్ల చెప్పింది అంతా సరేనా?"

"సరేనమ్మా. ఒక్క తప్పూ లేదు."

"ఇది రోజూ చెప్పేది. మీ వైపు నుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఫోనులో చదువంటే ఇంతేనేమో, బావిలోకి రాయి వేయడమేమో అనుకున్నాను."

"ఇక నుంచి పలుకుతామమ్మా" అంది పెద్ద టీచరుగారు. "మీ మనవరాలు వచ్చే ఏడు నాలుగో తరగతి. ఇప్పుడే ఉత్తరం రాసి పంపుతాను."

నానమ్మ చెయ్యి తీసేసింది. అటు తిరిగి, "ఏమే బొద్దమ్మాయ్! నీ వెనకభాగం నువ్వు చూసుకుంటే చాలదా, బడంతా చూడాలా? ఇలా రా, గీతకి జానెడు అవతల నిలబడు" అని అరుస్తూ తెర మీంచి తప్పుకుంది. అవతల్నుంచి నవ్వులు, గుండుసూదుల డబ్బా చప్పుడు, మళ్ళీ మిషను.

డ్రిల్ టీచరు కుర్చీలో వెనక్కి వాలింది. భర్త గడియారాల మధ్యనుంచి టీ గ్లాసు ఆవిడ చేతికి జరిపాడు.

క్లాసు ముందుకి సాగింది. "సరే, కొత్త పాఠం" అంది టీచరు. "చంద్రుడికి తన సొంత వెలుగు ఉందా, లేదా? ఎవరు చెప్తారు?"

అన్ని గళ్ళకంటే ముందు ఒక కుడిచెయ్యి నిటారుగా లేచింది. మిషను ఆగింది.

"ఉంది టీచర్! బోలెడుంది!"

"తప్పమ్మా. మళ్ళీ ఆలోచించు."

పిచ్చుక నోరు తెరిచింది. ఒక్క క్షణం ఆశ్చర్యంగా చూసింది. తర్వాత ఆ మొహం మెల్లగా విప్పారి, చెవుల దాకా నవ్వు పరుచుకుంది. గీతకి అవతలికి తిరిగి, పట్టలేని సంబరంతో గట్టిగా చెప్పింది.

"అమ్మా! నానమ్మా! టీచరు నాది తప్పన్నారు!"